బోదకాలుకు మాత్ర ఇచ్చిన భీమవరం కుర్రాడు

చిన్నప్పుడు ఆరోగ్య కార్యకర్త స్కూలుకో ఇంటి గుమ్మంలోకో వచ్చి, అరచేతిలో తెల్ల మాత్రలు పెట్టి, తన ముందే మింగమనడం గుర్తుందా? కోస్తా జిల్లాల్లో పెరిగినవాళ్లలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అవి బోదకాలు మాత్రలు. కొందరు మింగారు. కొందరు నాలుక కింద దాచి, ఆమె పక్కింటికి వెళ్లగానే ఉమ్మేశారు. జ్వరం లేదు, నొప్పి లేదు, మనకెందుకీ మాత్రలు అనుకున్నారు.

వాటిలో ముఖ్యమైన మందు పేరు డైఇథైల్‌కార్బమజైన్. పొట్టిగా డీఈసీ. అమెరికాలోని ఒక ప్రయోగశాలలో దాన్ని వెలికితీసిన పరిశోధనకు సారథి మనవాడే. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పాడు. మెడికల్ కాలేజీలో చదివినా ఎంబీబీఎస్ పట్టా చేతికి రాలేదు. పద్దెనిమిదేళ్లు గడిపిన విశ్వవిద్యాలయంలో ఉద్యోగం పర్మినెంట్ కాలేదు. ఆయనే డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు. పోటీ పరీక్షల జీకే పుస్తకాల్లో ఆయన పేరు పక్కన ఒక్క లైను ఉంటుంది. ఆ లైను వెనకున్న జీవితం ఇది. ఆయన మందు ఎక్కడ ఆగుతుందో, అక్కడి నుంచి ఎవరు పని అందుకోవాలో కూడా తెలుసుకుందాం.

అప్పట్లో అది కృష్ణా జిల్లా

బెజవాడలో బ్యారేజీ దగ్గర మొదలయ్యే ఏలూరు కాలువ వెంట వెళ్తే, ఏలూరు దగ్గర గోదావరి నీళ్లు తెచ్చే కాలువ కలుస్తుంది. అక్కడి నుంచి అంతా గోదావరి డెల్టా. భీమవరం అందులోదే. సుబ్బారావు 1895 జనవరి 12న అక్కడ పుట్టారు. ఆయన తొమ్మిదో ఏట, 1904లో, భీమవరం తాలూకాను గోదావరి జిల్లా నుంచి తీసి కృష్ణా జిల్లాలో కలిపారు. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడేదాకా అక్కడే ఉంది. అంటే ఆయన దేశం విడిచి వెళ్లేనాటికి సొంతూరు కృష్ణా జిల్లాలోనే ఉందన్నమాట.

కృష్ణా, గోదావరి డెల్టాలకు ఆనకట్టలతో అన్నం వచ్చింది. ఊళ్లు పెరిగాయి. ఊళ్లతో పాటే మురుగు గుంటలు, నీళ్లు నిలిచే కాలువలు, దోమలూ పెరిగాయి. మురికి నీళ్లలో గుడ్లు పెట్టే క్యూలెక్స్ దోమే బోద పురుగును ఒకరి నుంచి ఇంకొకరికి మోసుకెళ్తుంది. అరుగు మీద వాచిన కాలు చాపుకుని కూర్చున్న పెద్దమనిషి డెల్టా ఊళ్లలో కొత్తగా కనిపించే మనిషి కాదు.

తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. తల్లి వెంకమ్మ. ఇంట్లో పిల్లలు ఎక్కువ, డబ్బు తక్కువ. పదమూడేళ్ల వయసులో సుబ్బారావు ఇంట్లో చెప్పకుండా కాశీ బయల్దేరారట. యాత్రికులకు అరటిపళ్లు అమ్మి సంపాదించాలన్నది ప్లాన్. వెతికి పట్టుకొచ్చి మళ్లీ బడిలో పడేశారు. రాజమండ్రిలో చదువు సాగలేదు. ఇంట్లో చావులు, జబ్బులు. పరీక్ష తప్పారు. మళ్లీ తప్పారు. చివరికి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి మూడో ప్రయత్నంలో గట్టెక్కారు.

ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్ చదివే రోజుల్లో మనసు సన్యాసం మీదికి మళ్లింది. రామకృష్ణ మిషన్‌లో చేరిపోదామనుకున్నారు. తల్లి ససేమిరా అంది. మిషన్ పెద్దలు కూడా ముందు వైద్యం చదివి జనానికి పనికొచ్చే మనిషివి కమ్మని సలహా ఇచ్చారు. అలా మద్రాసు మెడికల్ కాలేజీలో అడుగుపెట్టారు. స్నేహితులు, కాబోయే మామగారు కస్తూరి సూర్యనారాయణ మూర్తి చదువుకు సాయం చేశారు. 1919లో ఆయన కుమార్తె శేషగిరితో పెళ్లయింది.

ఒక ఖద్దరు కోటు ఖరీదు

గాంధీజీ విదేశీ వస్త్రాలు వదలమని పిలుపిచ్చిన రోజులవి. సుబ్బారావు ఆపరేషన్ థియేటర్‌లోకి ఖద్దరు గౌను వేసుకెళ్లేవారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్ దొరకు అది నచ్చలేదు. రాతపరీక్షలు బాగానే రాసినా చివరికి దక్కింది ఎంబీబీఎస్ కాదు, దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్ సర్టిఫికెట్. ఆ కాగితంతో మద్రాసు మెడికల్ సర్వీసులో ఉద్యోగానికి ప్రయత్నించారు, రాలేదు. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో అనాటమీ చెప్పే పని దొరికితే చేరారు.

ఈ మధ్యలోనే ఇంటికి పెద్ద దెబ్బ తగిలింది. స్ప్రూ అనే జబ్బుతో ఇద్దరు అన్నదమ్ములు రోజుల తేడాలో పోయారు. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం తగ్గిపోతూ మనిషి కృశించిపోతాడు. అదే జబ్బు తనకూ వచ్చింది. అలోపతి చదివినవాడికి ఆయుర్వేద మందులతో నయమైంది. అక్కడి నుంచి ఆయన ఆలోచన ఒకచోట నిలబడింది. రోగికి మందివ్వడం ఒక పని, లేని మందును కనిపెట్టడం ఇంకో పని. ఆయన రెండోది ఎంచుకున్నారు.

మామగారి సొమ్ము, కాకినాడలోని సత్యలింగ నాయకర్ ధర్మనిధి సాయం తోడయ్యాయి. 1922 అక్టోబరులో బోస్టన్‌లో దిగారు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల కోర్సులో సీటైతే ఉంది గానీ స్కాలర్‌షిప్ లేదు. ఎల్ఎంఎస్ పట్టా అక్కడ డాక్టరుగా పనిచేయడానికి చెల్లలేదు. పీటర్ బెంట్ బ్రిగ్‌హామ్ ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టర్‌గా చేరారు. రోగుల మలమూత్రాల పళ్లేలు కడిగారు. పగలు క్లాసు, రాత్రి డ్యూటీ. ఆయన వెళ్లాక పుట్టిన కొడుకు పసితనంలోనే చనిపోయాడు. మూడేళ్లలో తిరిగొస్తానన్న మనిషి మళ్లీ స్వదేశం చూడలేదు.

మీరు వేసే ప్రతి అడుగులో

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే అనే బయోకెమిస్ట్రీ ఆచార్యుడి ప్రయోగశాలలో చేరడంతో దారి మారింది. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే సులువైన పద్ధతిని ఇద్దరూ కలిసి రూపొందించారు. 1925లో అచ్చయిన ఆ పద్ధతికి ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అని పేరు. బయోకెమిస్ట్రీ, ఎంఎల్‌టీ విద్యార్థులకు ఈ పేరు పరిచయమే.

ఆ కొలతే వాళ్లను కండరాల్లోకి తీసుకెళ్లింది. 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ. అప్పటిదాకా కండరానికి శక్తి లాక్టిక్ ఆమ్లం తయారీ నుంచి వస్తుందని పెద్ద శాస్త్రవేత్తలు నమ్మేవారు. ఆ సిద్ధాంతం మీద పని చేసినవాళ్లకు నోబెల్ కూడా వచ్చింది. ఈ కొత్త పదార్థాలు దొరకడంతో ఆ లెక్క తిరగబడింది. ఏటీపీని అదే సమయంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనిపెట్టాడు.

కానిస్టేబుల్ ఈవెంట్స్ కోసం తెల్లారుజామున గ్రౌండ్‌లో పరిగెత్తే వాళ్లకు ఇది కాస్త దగ్గరి విషయం. పిక్క కండరం బిగిసి వదిలే ప్రతిసారీ ఖర్చయ్యేది ఏటీపీయే. దాన్ని వెంటనే తిరిగి నింపేది ఫాస్ఫోక్రియాటిన్. ఆ పిక్క ఇంకో పని కూడా చేస్తుంది. పాదంలోకి దిగిన రక్తాన్ని, లింఫ్ ద్రవాన్ని పంపులా పైకి నెడుతుంది. నడక ఆగితే ఆ పంపు ఆగుతుంది, కాలు బరువెక్కుతుంది.

1930లో సుబ్బారావుకు పీహెచ్‌డీ వచ్చింది. కానీ హార్వర్డ్ శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. ఏళ్లు గడిచాయి. 1940లో, నలభై అయిదేళ్ల వయసులో, ఆయన ఆ పెద్ద పేరు వదులుకుని న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే ఊళ్లో ఉన్న లెడర్లీ మందుల కంపెనీలో చేరారు. కొంతకాలానికే అక్కడి పరిశోధన అంతటికీ డైరెక్టర్ అయ్యారు.

ఎనిమిదేళ్ల సంపాదన

ఆయనకు ఇంక మిగిలినవి ఎనిమిదేళ్లే. ఆ ఎనిమిదేళ్లలో జరిగినవి చూడండి. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారు చేసింది. అన్నదమ్ములను తీసుకెళ్లిన స్ప్రూ జబ్బుకు అది మందు. ఈరోజు గర్భిణులకు ఇచ్చే ఐరన్ మాత్రల్లో ఉండేదీ అదే. ఫోలిక్ ఆమ్లం పనిని అడ్డుకునే పదార్థాలనూ అదే బృందం తయారు చేసింది. వాటితో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు వైద్యం చేసి, తాత్కాలికంగానైనా జబ్బు వెనక్కి తగ్గడం చూశాడు. ఆ కుటుంబంలోని మెథోట్రెక్సేట్‌ను ఇప్పటికీ క్యాన్సర్‌కు, కీళ్లవాతానికి వాడుతున్నారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి యాంటీబయాటిక్ ఆరియోమైసిన్‌ను బెంజమిన్ డగ్గర్ కనిపెట్టింది కూడా సుబ్బారావు నడిపిన పరిశోధన విభాగంలోనే.

ఇక బోదకాలు. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికన్ సైనికులకు ఈ జబ్బు సోకింది. అప్పటిదాకా బీద దేశాల గోలగా ఉన్నది వాళ్ల ఇంటి సమస్య అయింది. లెడర్లీలో రసాయనాలను ఒక్కొక్కటిగా, ఇలాంటి పురుగులున్న ఎలుకల మీద, కుక్కల మీద పరీక్షిస్తూ పోయారు. హెవిట్, కుష్నర్, సుబ్బారావు తదితరులు ఆ పని ఫలితాన్ని 1947లో ప్రచురించారు. అదే డీఈసీ, అప్పటి వ్యాపార నామం హెట్రజాన్. అదే ఏడాది ప్యూర్టోరికోలో రోగులకిచ్చిన ఫలితాలూ వెలువడ్డాయి.

మందు ఎలా పనిచేస్తుంది? బోద పురుగులు దారప్పోగుల్లా సన్నగా ఉంటాయి. లింఫ్ నాళాల్లో ఏళ్ల తరబడి బతుకుతాయి. వాటి పిల్లలు రాత్రిళ్లు రక్తంలోకి వస్తాయి. అందుకే ఆరోగ్య సిబ్బంది రక్తపు చుక్క కోసం రాత్రి వేళ తలుపు తడతారు. డీఈసీ ముఖ్యంగా ఆ పిల్ల పురుగులను తుడిచిపెడుతుంది. రక్తంలో అవి లేకపోతే దోమ కుట్టినా మోసుకెళ్లడానికి ఏమీ ఉండదు. ఊరంతా ఏడాదికోసారి, కొన్నేళ్లపాటు వరుసగా మింగితే పెద్ద పురుగుల ఆయుష్షు తీరేలోపు జబ్బు గొలుసు తెగిపోతుంది. జబ్బు లేనివాళ్లు కూడా మింగాలన్నది ఇందుకే. మింగాక కొందరికి జ్వరం, తలతిప్పుడు వస్తాయి. చాలాసార్లు అది లోపల పురుగులు చస్తున్న గుర్తే. రెండేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్రమైన జబ్బుతో ఉన్నవాళ్లకు మాత్రం ఈ మాత్రలు ఇవ్వరు.

చైనా డీఈసీని ఉప్పులో కలిపి జనానికి పంచింది. 2007లో బోద నుంచి బయటపడింది. శ్రీలంక 2016లో బయటపడింది. మన దేశం 1955లోనే జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. 2004 నుంచి ఇంటింటికీ మాత్రలు పంచుతోంది. లక్ష్యంగా పెట్టుకున్న సంవత్సరం 2027.

ఇవేవీ సుబ్బారావు చూడలేదు. 1948 జూలైలో ఆరియోమైసిన్ సంగతి లోకానికి తెలిసింది. ఆగస్టులో ఒక రాత్రి ఆయన నిద్రలోనే కన్నుమూశారు. వయసు 53. అమెరికా పౌరసత్వం తీసుకోలేదు. ఒక శిలీంధ్రానికి సుబ్బారోమైసెస్ అని ఆయన పేరు పెట్టారు. శతజయంతి సందర్భంగా 1995లో మన తపాలా శాఖ స్టాంపు వేసింది.

మాత్ర ఆగిన చోట

ఇక్కడొక చేదు నిజం ఉంది. డీఈసీ పురుగును ఆపుతుంది. కానీ పాడైపోయిన లింఫ్ నాళాలను తిరిగి బాగు చేయలేదు. ఇప్పటికే వాచి, చర్మం మందమెక్కిన కాలును మామూలు కాలు చేయలేదు. కొత్తగా ఎవరికీ జబ్బు సోకకపోయినా, ఆ కాళ్లున్న మనుషులు మన మధ్య ఇంకా చాలా ఏళ్లు బతకాలి, పనికెళ్లాలి, బస్సెక్కాలి. రెండు కాళ్లకూ తీవ్రంగా బోద ఉన్నవారికి రాష్ట్ర ప్రభుత్వం పింఛను ఇస్తోంది. అయితే వాళ్లకు పింఛనుతో పాటు రోజూ కావాల్సింది పాదాల సంరక్షణ.

వాచిన కాలును నిజంగా పాడుచేసేది మాటిమాటికీ వచ్చే ఇన్ఫెక్షన్. వేళ్ల సందుల్లో తెల్లగా నానిన చర్మం, మడమ పగులు, చెప్పు కరిచిన చిన్న పుండు, ఇవే దానికి దారులు. అక్కడి నుంచి సూక్ష్మక్రిములు లోపలికి పోతాయి. కాలు ఎర్రబడి, వేడెక్కి, చలిజ్వరం వస్తుంది. వచ్చిన ప్రతిసారీ వాపు ఇంకొంచెం మిగిలిపోతుంది. ఆ దారులు మూస్తే వాపు పెరగడం ఆగుతుంది. సబ్బు, మామూలు నీళ్లతో రోజూ కడగడం, వేళ్ల మధ్య తడి లేకుండా అద్దడం, పగుళ్లకు క్రీము, పడుకున్నప్పుడు కాలు కాస్త ఎత్తులో పెట్టుకోవడం, చీలమండను పైకీ కిందికీ ఆడించడం. చెప్పడానికి చిన్న పనులే. వంగలేని, తన పాదం తనకే అందని మనిషికి మాత్రం ఎవరో ఒకరు నేర్పాలి, దగ్గరుండి చేయించాలి.

ఆ పని తెలిసిన నిపుణుడే పాడియాట్రిస్ట్. పాదం, చీలమండ, మోకాలి కింది భాగం ఆయన పరిధి. బోద ఒక్కటే కాదు. షుగర్ ఉన్నవాళ్ల పాదాలు, ఆనెకాయలు, లోపలికి పెరిగిన గోరు, మడమ నొప్పి, చదును పాదం కూడా చూస్తారు. మొదటిసారి వెళ్లినప్పుడు ఏం చేస్తారు? మీ పాత చెప్పులు అడుగుతారు, ఎక్కడ అరిగిందో చూడ్డానికి. వేళ్ల సందులు, గోళ్లు పరిశీలిస్తారు. పాదం మీద, చీలమండ వెనక నాడి పట్టి చూస్తారు. సన్నని నైలాన్ పోగుతో అరికాలిని తాకి స్పర్శ ఉందో లేదో చూస్తారు. వాపును బొటనవేలితో నొక్కి, టేపుతో కొలుస్తారు. తర్వాత నడిపిస్తారు. అంతే, భయపడాల్సిందేమీ లేదు. మన ఊళ్లలో పాడియాట్రిస్ట్ బోర్డు అంతటా కనిపించదు. డయాబెటిక్ ఫుట్ క్లినిక్, జనరల్ సర్జరీ, ఫిజియోథెరపీ విభాగాల్లో అడిగితే దారి చూపిస్తారు.

కొన్నిటికి మాత్రం ఆగకూడదు. ఒక్క పిక్క ఉన్నట్టుండి వాచి నొప్పెడుతుంటే అది రక్తం గడ్డకట్టడం కావచ్చు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. దానికి ఆయాసం తోడైతే అత్యవసర విభాగమే. షుగర్ ఉన్న మనిషి కాలి మీద పుండు, నొప్పి లేకపోయినా, రేపటికి వాయిదా వేసే విషయం కాదు. రెండు కాళ్లూ వాస్తుంటే గుండె, కిడ్నీ, కాలేయం పరీక్ష చేయించాలి. కాలు ఎర్రబడి జ్వరమొస్తే వేడి కాపడం పెట్టకండి. చల్లని తడిగుడ్డ వేసి, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

ఉద్యోగాల దారి

ఆర్మీ, పోలీస్ ఉద్యోగాలకు తయారయ్యే వాళ్లు మెడికల్‌లో చదును పాదం, ఉబ్బిన సిరలు చూస్తారని మరిచిపోవద్దు. నోటిఫికేషన్ వచ్చాక కంగారు పడేకంటే ముందే ఒకసారి చూపించుకోవడం మంచిది.

ఈ రంగంలోనే పని చేయాలనుకుంటే దారులున్నాయి. అలైడ్ హెల్త్ వృత్తుల కోసం 2021లో పార్లమెంటు చేసిన చట్టం గుర్తించిన వృత్తుల్లో పాడియాట్రిస్ట్ ఒకటి. బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో దీనికి ప్రత్యేక డిగ్రీలున్నాయి. మన దగ్గర విడిగా కోర్సులు తక్కువ. అందుకే ఎక్కువమంది ఎంబీబీఎస్, ఫిజియోథెరపీ, నర్సింగ్ నుంచి పాద సంరక్షణ వైపు వస్తున్నారు. కృత్రిమ అవయవాలు, ప్రత్యేక పాదరక్షలు తయారు చేసే బీపీవో డిగ్రీ ఇంకో దారి. పేరు చూసి కాల్ సెంటర్ అనుకోకండి. ప్రోస్థెటిక్స్ అండ్ ఆర్థోటిక్స్ అన్నమాట. కటక్‌లోని ఎస్వీనిర్తార్, కోల్‌కతాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ లోకోమోటర్ డిజెబిలిటీస్ ఈ కోర్సు నడుపుతున్నాయి. ఎంఎల్‌టీ వాళ్లకు రాత్రి రక్త పరీక్షలు, పబ్లిక్ హెల్త్ వాళ్లకు నిర్మూలన కార్యక్రమాలు, ఫార్మసీ వాళ్లకు మందుల పరిశోధన ఉండనే ఉన్నాయి.

ఈ దారుల్లో తప్పిన పరీక్ష, రాని ఉద్యోగం మీకూ ఎదురుకావచ్చు. సుబ్బారావుకు అవి నలభై అయిదేళ్ల దాకా ఎదురవుతూనే ఉన్నాయి. చేతిలో ఉన్న పనిని మాత్రం ఆయన ఎక్కడా ఆపలేదు.

ఈ రాత్రి ఇంటికెళ్లాక అమ్మానాన్నల పాదాలు ఒకసారి లైటు వేసి చూడండి. వేళ్ల సందులు, మడమలు, గోళ్లు. ఏదైనా తేడా ఉంటే ఎవరికి చూపించాలో ఇప్పుడు మీకు తెలుసు. ఈసారి ఆరోగ్య కార్యకర్త మాత్రలతో గుమ్మంలోకి వస్తే, ఆమె ముందే మింగేయండి.